విద్యుదయస్కాంత క్షేత్రాలు - శోథ కణాలు: నల్లగొండ, మహబూబ్‌నగర్ నేపథ్యంలో ఒక పరిశీలన

నాగార్జునసాగర్, జూరాల జలవిద్యుత్ కేంద్రాలు, దామరచర్ల మండలంలోని యాదాద్రి థర్మల్ కేంద్రం ఉన్న ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలలో చెలకల మీదుగా హైటెన్షన్ తీగలు సాగడం సాధారణ దృశ్యం. ఇదే నేలలో, ముఖ్యంగా నల్లగొండలో, బోరునీటి ఫ్లోరైడు వల్ల కీళ్లు బిగుసుకుపోయినవారు ఉన్నారు. అందువల్ల విద్యుదయస్కాంత క్షేత్రం ఇక్కడ రెండు విధాలుగా ప్రస్తావనకు వస్తుంది: తీగల కింద భయంగాను, కీళ్లనొప్పులకు చికిత్సగాను. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టడం శాస్త్రసమ్మతం కాదు.

శరీరంలో గాయం గానీ, సూక్ష్మజీవుల దాడి గానీ జరిగినప్పుడు మొదట అక్కడికి చేరేవి న్యూట్రోఫిల్ అనే తెల్ల రక్తకణాలు. ఇవి సూపర్ఆక్సైడు వంటి చురుకైన ఆక్సిజన్ రూపాలను విడుదల చేసి శత్రువును చంపుతాయి; అదుపు తప్పితే సొంత కణజాలాన్నీ దెబ్బతీస్తాయి. ఈ కణాల ఉపరితలం మీద ఉండే ఏ2ఏ అడినోసిన్ గ్రాహకాలు అందుకు కళ్లెం వంటివి. అడినోసిన్ వచ్చి తగులుకోగానే కణం లోపల సైక్లిక్ ఏఎంపీ పెరిగి, సూపర్ఆక్సైడు ఉత్పత్తి తగ్గుతుంది. ఇటలీలోని ఫెరారా విశ్వవిద్యాలయంలో కాటియా వరానీ బృందం 2002లో ప్రచురించిన అధ్యయనంలో, స్పందన రూపంలోని అల్ప పౌనఃపున్య క్షేత్రానికి గురిచేసిన మానవ న్యూట్రోఫిల్స్‌లో ఈ గ్రాహకాల సంఖ్య పెరిగింది.  అంటే క్షేత్రం ఈ మార్గాన్ని బలపరచింది. ఈ అధ్యయనంలో గమనించదగిన అంశం ఇదే. అయితే ఇది శరీరం వెలుపల, పరీక్షనాళికలో తేలిన ఫలితం.

ఇక పరిమాణం సంగతి. ఇటువంటి ప్రయోగాలలో వాడే క్షేత్రం మిల్లీటెస్లా స్థాయిలో, అంటే వెయ్యి మైక్రోటెస్లాల దరిదాపుల్లో ఉంటుంది. హైటెన్షన్ తీగల కింద నేలమట్టంలో ఉండేది సాధారణంగా కొన్ని మైక్రోటెస్లాల నుంచి కొన్ని పదుల వరకు. దూరం జరిగినకొద్దీ అది త్వరగా క్షీణిస్తుంది. 50 హెర్ట్‌జ్ క్షేత్రానికి ప్రజల విషయంలో అంతర్జాతీయ కమిషన్ 2010లో సూచించిన పరిమితి 200 మైక్రోటెస్లాలు. కాబట్టి ఫెరారా ఫలితాన్ని చూపి తీగల కింద రోగనిరోధక శక్తి దెబ్బతింటుందనడం గానీ, నొప్పి తగ్గుతుందనడం గానీ చెల్లదు. 2002లోనే అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఈ అల్ప పౌనఃపున్య అయస్కాంత క్షేత్రాలను 'క్యాన్సర్ కారకం కావచ్చు' అనే తరగతిలో చేర్చింది. దానికి ఆధారం పిల్లల్లో ల్యుకేమియాపై జరిగిన జనాభా అధ్యయనాలు. అది వేరే ప్రశ్న. తీగల కింద ఇనుప కంచెనో ట్రాక్టరునో తాకినప్పుడు కలిగే జిల్లు కూడా విద్యుత్ క్షేత్రం ప్రేరేపించిన ఆవేశం వల్లనే, శోథంతో దానికి సంబంధం లేదు.

అయస్కాంతపు పట్టీల విషయంలో పొరపాటు మరో వైపు నుంచి జరుగుతుంది. పట్టీలోని అయస్కాంతం స్థిరం. అది కాలంతో మారే స్పందన క్షేత్రాన్ని ఇవ్వదు. అతకని ఎముక విరుపులకు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 1979లో అనుమతించినది స్పందన క్షేత్ర పరికరాన్నే.

ఫ్లోరోసిస్‌లో సమస్య మరింత భిన్నం. అక్కడ ఎముక దట్టమవుతుంది, స్నాయువులలో సున్నం పేరుకుంటుంది. న్యూట్రోఫిల్ శాంతించినంత మాత్రాన ఆ సున్నం కరగదు. కనుక ఈ జిల్లాలలో కీళ్లనొప్పితో వచ్చినవారికి ఏ క్షేత్ర చికిత్స సూచించే ముందైనా ముంజేతి ఎక్స్‌రే తీయించడం అవసరం. రెండు ఎముకల మధ్య పొరలో సున్నపు నీడ కనిపిస్తే, తాగేనీటిలోను మూత్రంలోను ఫ్లోరైడు పరీక్ష చేయించి, మొదట నీటిని మార్చాలి.