అడిగిన సర్వరు దొరకనప్పుడు

ఇంటర్ ఫలితాలు విడుదలైన మరుక్షణం తెలంగాణలో తొమ్మిది లక్షలకు పైగా విద్యార్థులు దాదాపు ఒకేసారి వెబ్‌సైటు తెరుస్తారు. నవీపేట్‌లో ఉన్నా, బోధన్‌లో ఉన్నా, హైదరాబాద్‌లో ఉన్నా హాల్‌టికెట్ నంబరు కొట్టగానే మార్కులు కనిపించాలి. ఆ ఒక్క పూట రద్దీ కోసం వందల సర్వర్లు కొని ఏడాది పొడవునా ఖాళీగా ఉంచడం ఎవరికీ గిట్టుబాటు కాదు. కావాల్సినన్ని అద్దెకు తీసుకొని, పని కాగానే వదిలేసే క్లౌడ్ పద్ధతి ఇలాంటి అవసరాల వల్లే బలపడింది. అయితే అడిగిన ప్రతిసారీ అడిగిన సర్వరే దొరుకుతుందన్న హామీ ఏదీ అందులో లేదు. అందుకే, అడిగేటప్పుడు ఒక సర్వరు పేరు చెప్పి ఊరుకోకూడదనీ, మన పనికి ఏది తప్పనిసరో, ఎక్కడ సర్దుకుపోగలమో ముందే తేల్చి రాసిపెట్టుకోవాలనీ నేనంటాను.

ఆ హామీ ఎందుకు లేదో ఒక ఉదాహరణతో చూద్దాం. అమెజాన్ క్లౌడ్ విభాగం 2022 నవంబరులో హైదరాబాద్ రీజియన్‌ను ప్రారంభించింది. అందులో మూడు జోన్లున్నాయి. ఒక్కో జోన్‌కు సొంత డేటా సెంటరు, లేదా కొన్ని సెంటర్లు, వాటికి విడిగా కరెంటు, ఏసీ, నెట్‌వర్కు ఉంటాయి. ఎంత పెద్ద సెంటరైనా అందులోని యంత్రాలకు ఒక లెక్క ఉంటుంది. పైగా అన్ని యంత్రాలూ ఒక్క తీరువి కావు. కొన్నింట్లో మెమరీ ఎక్కువ, కొన్నింట్లో ప్రాసెసర్ వేగం ఎక్కువ, కొన్నింట్లో ఏఐ పనులు చేసే జీపీయూలుంటాయి. ఒక రకం నిండిపోతే, వేరే రకం ఖాళీగా ఉన్నా సరే, అడిగినవారికి ‘ప్రస్తుతం సామర్థ్యం చాలదు’ అన్న జవాబే వస్తుంది. కరోనా లాక్‌డౌన్లు మొదలైన 2020 మార్చిలో మైక్రోసాఫ్ట్ ఈ సంగతిని బహిరంగంగానే చెప్పింది. వైద్య, అత్యవసర సేవలకు మొదటి ప్రాధాన్యం ఇస్తామనీ, కొన్ని ఉచిత సదుపాయాలకు పరిమితులు పెడుతున్నామనీ ప్రకటించింది. చాట్‌జీపీటీ వచ్చాక 2023లో ఎన్‌విడియా జీపీయూల కోసం ప్రపంచమంతా వరుసకట్టింది. అంత పెద్ద సంస్థల దగ్గరే కొరత వచ్చినప్పుడు, నిజామాబాద్ ఐటీ హబ్‌లో కూర్చున్న చిన్న కంపెనీకి రాదనుకోవడానికి ఆధారం లేదు.

ఈ కష్టం ఎలాంటిదో బోధన్ చెరకు రైతుకు చెప్పనక్కరలేదు. 1930లలో శక్కర్‌నగర్‌లో వెలసిన నిజాం చక్కెర ఫ్యాక్టరీని నమ్ముకొని చుట్టుపక్కల మండలాలు దశాబ్దాలపాటు చెరకు వేశాయి. 2015 డిసెంబరులో లేఆఫ్ ప్రకటించి ఆ ఫ్యాక్టరీని మూసేసినప్పుడు చెరకు పొలంలోనే ఉంది. కొట్టిన చెరకు ఆగదు. ఒకటి రెండు రోజులు దాటితే బరువూ పోతుంది, చక్కెర పాళ్లూ పడిపోతాయి. అప్పుడు రైతుకు కావాల్సింది ఫలానా పేరున్న ఫ్యాక్టరీ కాదు, ఇన్ని టన్నులను ఇన్ని గంటల్లో, గిట్టే రవాణా ఖర్చుతో గానుగాడే ఫ్యాక్టరీ ఏదైనా సరే. కామారెడ్డి వైపు ప్రైవేటు ఫ్యాక్టరీలకు తోలుకున్నవారున్నారు, చెరకు మాని వరికి మళ్లినవారూ ఉన్నారు. ప్రత్యామ్నాయం అప్పటికప్పుడు వెతుక్కోవాల్సి వస్తే నష్టం ఎవరి నెత్తిన పడుతుందో ఆ ప్రాంతం కళ్లారా చూసింది. దానితో పోలిస్తే సర్వరు విషయంలో మనకున్న సౌకర్యం చాలా పెద్దది. రెండో దారిని, మూడో దారిని ఈ రోజే రాసిపెట్టుకోవచ్చు, సమయం వచ్చినప్పుడు యంత్రమే వాటిని వరుసగా ప్రయత్నిస్తుంది.

క్లౌడ్ సంస్థలు ఈ దారిని ఇప్పటికే తెరిచాయి. అమెజాన్ 2021 చివరలో తెచ్చిన పద్ధతిలో సర్వరు రకం పేరు చెప్పనక్కరలేదు. కనీసం ఇన్ని కోర్లు, కనీసం ఇంత మెమరీ అని చెబితే, వాటికి సరిపోయే రకాలన్నిటిలో దొరికినది ఇస్తుంది. గూగుల్, మైక్రోసాఫ్ట్ క్లౌడ్‌లలోనూ ఒకటికి నాలుగు రకాలు చెప్పి, వాటికి వరుస పెట్టే వీలుంది. మొదటి జోన్‌లో లేకపోతే రెండో జోన్‌లో వెతుకు, పెద్దది ఒకటి లేకపోతే చిన్నవి రెండు ఇవ్వు, ఈ కంపెనీ ప్రాసెసర్ లేకపోతే ఆ కంపెనీది ఇవ్వు అని ముందే చెప్పుకోవచ్చు. అసలు కష్టం ఆ జాబితా తయారుచేయడంలో ఉంది. ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్ల మధ్య మార్పును మామూలు వెబ్‌సైటు పట్టించుకోదు. అదే ప్రోగ్రామును అమెజాన్ సొంత గ్రావిటాన్ మీద నడపాలంటే మాత్రం ఆ ప్రాసెసర్‌కు తగ్గట్టు మళ్లీ తయారుచేసుకోవాలి. జీపీయూల్లో ఈ తేడా ఇంకా కఠినం. 30 జీబీ మెమరీ కావాల్సిన ఏఐ మోడల్ 40 జీబీ ఉన్న ఏ100 జీపీయూ మీద నడుస్తుంది, 16 జీబీ ఉన్న టీ4 జీపీయూ మీద అది ఉన్నదున్నట్టుగా పట్టనే పట్టదు. కాబట్టి సర్దుబాటంటే ఏదో ఒకటి ఇవ్వమనడం కాదు. తప్పనిసరివాటి దగ్గర గట్టిగా నిలబడి, మిగిలినచోట పట్టు సడలించడం. ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పాలి. అన్ని తిరస్కారాలూ కొరత వల్ల వచ్చేవి కావు. మన ఖాతాకు పెట్టిన పరిమితి దాటినా సర్వరు రాదు. ఆ పరిమితి పెంచమని అడగాలే తప్ప, అప్పుడు రకాలు మార్చి లాభం లేదు.

దీనికి వచ్చే అభ్యంతరాల్లో మొదటిది బిల్లు. చవక సర్వరు లేదని యంత్రమే ఖరీదైనది తీసుకుంటే నెలాఖరున గుండె గుభేలుమంటుంది. ఈ భయం న్యాయమైనదే. అందుకే జాబితాతో పాటు గంటకు ఇంతకు మించకూడదన్న ధర కూడా రాయాలి, ఏ రకం ఎందుకు తీసుకున్నదో నమోదు కావాలి. లేకపోతే సర్దుబాటు చాటున అసలు లోపం నెలల తరబడి కనిపించకుండా పోతుంది. రెండో అభ్యంతరం, ఇదంతా ఎందుకు, సర్వర్లను ముందే రిజర్వు చేసుకుంటే చాలదా అన్నది. చేసుకోవచ్చు, కానీ రిజర్వు చేసిన సామర్థ్యానికి వాడినా వాడకపోయినా డబ్బు కట్టాలి. రోజూ తప్పక నడిచే భాగానికి అది సరైన ఏర్పాటు, ఏడాదికోసారి వచ్చే రద్దీ మొత్తానికి మాత్రం మోయలేని భారం. పోనీ, సగానికి పైగా తగ్గింపుతో దొరికే స్పాట్ సర్వర్లు తీసుకుందామంటే, వాటిని అమెజాన్ రెండు నిమిషాల ముందు హెచ్చరించి వెనక్కి తీసేసుకోగలదు. మధ్యలో ఆగినా, ఆగినచోటి నుంచి మళ్లీ మొదలుపెట్టగల పనులకే అవి పనికొస్తాయి. మూడోది నాకు అన్నిటికన్నా బలమైన అభ్యంతరంగా తోస్తుంది. కొరత వచ్చిన రోజున అందరి జాబితాలూ ఒకే రెండో రకం మీద పడితే అదీ నిండిపోతుంది. ఆ ప్రమాదాన్ని పూర్తిగా తప్పించలేం. ఒకే కుటుంబానికి చెందిన నాలుగు రకాలు కాకుండా వేర్వేరు తరాలవీ, వేర్వేరు పరిమాణాలవీ కలిపి రాసుకుంటే అది తగ్గుతుంది.

సర్దుబాటు ఆగిపోవాల్సిన గీత ఇంకొకటుంది, చట్టం. చెల్లింపుల సమాచారాన్ని దేశంలోనే నిల్వ చేయాలని రిజర్వు బ్యాంకు 2018 ఏప్రిల్‌లో ఆదేశించింది. హైదరాబాద్‌లో సర్వరు లేదని అలాంటి సమాచారాన్ని సింగపూర్‌లో నిల్వ చేయడం కుదరదు, ముంబయిలో చేయవచ్చు. ఈ గీతను కూడా జాబితాలోనే రాయాలి, ఇంజినీరు జ్ఞాపకానికి వదలకూడదు. ప్రభుత్వ కార్యాలయాలు టెండరు పిలిచేటప్పుడు సర్వరు రకం పేరు రాయకుండా, పనికి కావాల్సిన కనీస సామర్థ్యం, రద్దీ సమయం, సమాచారం దాటకూడని హద్దులు రాస్తే సరఫరాదారుకు దారులుంటాయి, జనానికి సేవ ఆగదు. ఉదాహరణకు, నిజామాబాద్ మార్కెట్ యార్డులో ఇ-నామ్ అనే ఆన్‌లైన్ వేలం వేదిక ద్వారా పసుపు కొంటున్నారు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో పసుపు రాక ఉధృతంగా ఉన్నప్పుడు కంప్యూటరు ఆగితే వేలం ఆగుతుంది, తూకం ఆగుతుంది, రైతు ఆ రాత్రి యార్డులోనే పడుకోవాల్సి వస్తుంది. ఇలాంటి సేవ నడిపేవారు సీజను మొదలవకముందే, జనవరిలోనే ఒక రోజు మొదటి రకం సర్వరును కావాలనే పక్కనపెట్టి, జాబితాలోని రెండోదాని మీదా, మూడోదాని మీదా వేలం పూర్తిగా నడిపి చూడాలి.