మనల్ని మనం ప్రేమించుకోవడం స్వార్థమా?

మొన్న మా తెలుగు సంఘం నెలవారీ సమావేశం అయిపోయి, అందరం కుర్చీలు సర్దుతున్న వేళ ఒక సభ్యురాలు కళ్లు తిరిగి కూలబడ్డారు. పంచదార నీళ్లు తాగించి, కాసేపు పడుకోబెట్టాక తేరుకున్నారు. సంగతేమిటని అడిగితే, ఆ రోజు ఏకాదశి. అలవాటుగా షుగరు మాత్ర వేసుకున్నారు గానీ పొద్దుటి నుంచి ఏమీ తినలేదు. "ఈ వయసులో ఇంత కఠినం ఎందుకమ్మా?" అని అడిగాం. ఆమె అన్న మాట మమ్మల్ని ఇంకా వదల్లేదు.

"ఇల్లు, పిల్లలు, పూజ అన్నీ అయ్యాక మిగిలితే నేనండీ. నా కోసం ఏదైనా చేసుకుంటే తప్పు చేసినట్టు ఉంటుంది."

ఇది ఆమె ఒక్కరి మాట కాదు. మా సభ్యుల్లో సగం మంది, ముఖ్యంగా ఆడవాళ్లు, ఇలాగే ఆలోచిస్తారు. తనను తాను పట్టించుకోకపోతే భక్తి అని, పట్టించుకుంటే స్వార్థమని మనకు చిన్నప్పటి నుంచి ఒక అభిప్రాయం నాటుకుపోయింది. మన పెద్దలు నిజంగా అలాగే చెప్పారా? ఆ రోజు మాలో మేము మాట్లాడుకున్న విషయాలను మీతో పంచుకుందామని ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

శాస్త్రం ఏమంటుంది?

బృహదారణ్యకోపనిషత్తులో ఒక కథ ఉంది. యాజ్ఞవల్క్యుడు ఇల్లు విడిచి వెళ్తూ తన ఆస్తిని ఇద్దరు భార్యలకు, మైత్రేయికీ కాత్యాయనికీ, పంచబోతాడు. భూమి మీద ఉన్న సంపదంతా నాదైతే నాకు అమృతత్వం వస్తుందా అని మైత్రేయి అడుగుతుంది. రాదు అంటాడు ఆయన. అయితే అది నాకెందుకు, తెలిసిన సంగతి చెప్పమంటుంది. అప్పుడు యాజ్ఞవల్క్యుడు చెప్పిన దాని సారాంశం ఇది: భర్త గానీ, భార్య గానీ, బిడ్డలు గానీ, ధనం గానీ మనకు ప్రియమవుతున్నాయంటే ఆ ప్రేమకు ఊట ఆత్మలోనే ఉంది. కాబట్టి ముందు ఆ ఆత్మను తెలుసుకోవాలి.

ఇక్కడ ఆత్మ అంటే మన పేరు, మన హోదా, మన బ్యాంకు పుస్తకం కాదు. నాలోనూ పక్కవాడిలోనూ ఒకటిగా ఉన్నది. దాన్ని ప్రేమించేవాడికి పక్కవాడు పరాయివాడు కాడు. స్వార్థం నన్ను పక్కవాడి నుంచి విడదీస్తుంది. ఆత్మప్రేమ కలుపుతుంది. రెండింటికీ తేడా అక్కడే ఉంది.

భగవద్గీత ఇంకా సూటిగా చెప్పింది. ఆరో అధ్యాయంలో, మనిషి తనను తానే పైకి తెచ్చుకోవాలనీ, దిగజార్చుకోకూడదనీ, తనకు తానే బంధువు, తానే శత్రువు అనీ ఉంది. అదే అధ్యాయంలో మరికొంచెం ముందుకు వెళ్తే, అతిగా తినేవాడికీ, అసలు తిననివాడికీ కూడా యోగం కుదరదని చెప్పాడు కృష్ణుడు. పదిహేడో అధ్యాయంలో అయితే, శాస్త్రం చెప్పని ఘోరమైన తపస్సులతో శరీరాన్ని పీడించేవాళ్లు, లోపల ఉన్న తనను కూడా పీడిస్తున్నారని మందలించాడు. మా సభ్యురాలికి ఈ మాట చెప్పినప్పుడు ఆమె చాలాసేపు మౌనంగా ఉండిపోయారు. నలభై ఏళ్లుగా చేస్తున్న ఉపవాసం దేవుణ్ణే నొప్పిస్తుందేమో అన్న ఆలోచన ఆమెకు ఎప్పుడూ రాలేదట.

మనసుతో మాట్లాడిన త్యాగయ్య

మనలాగే తెలుగు నేలకు దూరంగా, తమిళ దేశంలో స్థిరపడిన కుటుంబంలో పుట్టినవాడు త్యాగరాజస్వామి. 1767లో తిరువారూరులో పుట్టి, 1847లో తిరువయ్యారులో సిద్ధి పొందాడు. ఆయన కీర్తనలు విన్నవాళ్లు ఒకటి గమనించే ఉంటారు. రాముడిని ఎంత పిలుస్తాడో, తన మనసునూ అంతగా పిలుస్తాడు. ఓ మనసా అని మొదలుపెట్టి దానికి నచ్చజెబుతాడు, బతిమాలుతాడు, ఒక్కోసారి కోప్పడతాడు. కోప్పడినా తరిమేయడు. దారి తప్పిన బిడ్డను చెయ్యి పట్టుకుని ఇంటికి తెచ్చినట్టు మళ్లీ రాముడి దగ్గరకు తెస్తాడు.

మనం మన మనసుతో ఎలా మాట్లాడుతున్నాం? పూజలో ధ్యాస తప్పితే "ఛీ, నా బతుకింతే" అంటాం. చిన్న మాట మరిచిపోతే "నేనెందుకూ పనికిరాను" అంటాం. అదే మాట మనవడు తన గురించి అనుకుంటే ఊరుకుంటామా? మనవడికి ఇచ్చే ఓర్పులో సగం మనకు మనం ఇచ్చుకుంటే చాలు, సాధన నిలబడుతుంది.

నాగరత్నమ్మ నిలబడిన తీరు

ఆ తిరువయ్యారులోనే త్యాగయ్య సమాధికి ఎదురుగా, చేతులు జోడించి కూర్చున్న ఒక స్త్రీ విగ్రహం ఉంది. ఆమె బెంగళూరు నాగరత్నమ్మ. 1878లో మైసూరు దగ్గర నంజనగూడులో దేవదాసి కుటుంబంలో పుట్టారు. చెన్నపట్నంలో గొప్ప గాయనిగా పేరు తెచ్చుకున్నారు. అయినా పుట్టుక పేరు చెప్పి ఆమెను తక్కువగా చూసినవాళ్లకు కొదవ లేదు.

తంజావూరు ఆస్థానంలో ఉన్న ముద్దుపళని రాసిన 'రాధికా సాంత్వనము'ను ఆమె 1910లో పూర్తి పాఠంతో అచ్చు వేయించారు. ఒక దేవదాసి రాసిందని, ఇంకొక దేవదాసి అచ్చు వేయించిందని పండితులు విరుచుకుపడ్డారు. ప్రభుత్వం నిషేధించింది. 1947లో గానీ, టంగుటూరి ప్రకాశం చొరవతో, ఆ నిషేధం తొలగలేదు. ఆమె మాత్రం ఆ కవయిత్రి పక్షాన, తన పక్షాన గట్టిగా నిలబడ్డారు.

తరువాత త్యాగయ్య సమాధి పాడుపడి ఉందని తెలిసి, తన సొంత సంపాదన పెట్టి స్థలం కొని, గుడి కట్టించారు. ఆ రోజుల్లో ఆరాధనోత్సవాల్లో ఆడవాళ్లను పాడనిచ్చేవారు కాదు. తన డబ్బుతో కట్టిన చోటే తనకు పాడే వీలు లేదు. అలిగి వెళ్లిపోలేదు, తలవంచి ఊరుకోనూ లేదు. ఆడవాళ్లతో వేరుగా ఆరాధన మొదలుపెట్టారు. 1940ల తొలినాళ్లకు అన్ని వర్గాలూ ఒక్కటై, స్త్రీలకూ అక్కడ చోటు దొరికింది. 1952లో ఆమె కన్నుమూశారు.

ఉన్నదంతా ఇచ్చేసిన మనిషి తన గౌరవాన్ని మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. తనను తాను తక్కువ చేసుకోవడం భక్తి అయి ఉంటే, ఆ గుడి లేచేదే కాదు.

మన తెలుగు మీద మనకే చిన్నచూపు

ఇది మన అందరికీ తగిలే విషయం. హోసూరులో గానీ, బళ్లారిలో గానీ, బరంపురంలో గానీ, షోలాపూరులో గానీ తరాలుగా ఉంటున్న మనకు ఒక లోపలి గాయం ఉంది. "మాది సరైన తెలుగు కాదండీ" అని ముందుగానే క్షమాపణ చెప్పుకోవడం. ఆంధ్రా నుంచి వచ్చిన చుట్టం మన మాట విని నవ్వితే, ఆ పూటంతా నోరు మెదపకుండా కూర్చోవడం. పిల్లల ముందు తెలుగు తగ్గించేయడం. చివరికి దేవుడి ముందు కూడా మన మాటలో అడగడానికి మొహమాటపడి, అర్థం తెలియని పుస్తకం చదివి లేవడం.

మన అవ్వలు దీపం ముందు కూర్చుని తమ ఇంటి తెలుగులోనే కష్టసుఖాలు చెప్పుకున్నారు. అందులో కన్నడం మాట ఉండేది, తమిళం మాట ఉండేది. దేవుడు ఎప్పుడూ తప్పులు దిద్దలేదు. మన మాటను మనం ప్రేమించడం కూడా మనల్ని మనం ప్రేమించడంలో భాగమే. నోరు తెరవడానికే సిగ్గుపడే మనిషి మనసు తెరవడం కష్టం.

చేయదగిన పనులు

మొదటిది, వ్రతాన్ని ఒంటికి తగ్గట్టు చేసుకోండి. ఉపవాసం అంటే అసలు అర్థం దేవుడికి దగ్గరగా ఉండటం. రోగులకు, వృద్ధులకు, గర్భిణులకు మన ఆచారంలోనే సడలింపు ఉంది. షుగరు, బీపీ మందులు వాడేవాళ్లు డాక్టరును అడగకుండా తిండి మానకూడదు.

రెండవది, రాత్రి పడుకునే ముందు ఐదు నిమిషాలు ఆ రోజు లెక్క చూసుకోండి. మాలో చాలామంది ఆఫీసుల్లో గుమాస్తాలుగా పనిచేసి రిటైరైనవాళ్లం. లెడ్జరులో తప్పు పడితే దాన్ని కొట్టేసి, పక్కన సరైన అంకె రాసి, చిన్న సంతకం పెట్టేవాళ్లం. పుస్తకం చించి పారేసేవాళ్లం కాదు, తప్పు కనబడకుండా చెరిపేసేవాళ్లమూ కాదు. మన తప్పుల విషయంలోనూ అంతే. ఒప్పుకోవాలి, సరిదిద్దుకోవాలి, పేజీ తిప్పాలి.

మూడవది, రోజూ ఒక్క ప్రార్థనైనా మీ ఇంటి తెలుగులో, మీ సొంత మాటల్లో చేయండి. మనవలు వినేలా చేయండి.

నాలుగవది, సాయం అడగడం నేర్చుకోండి. నలుగురికి వడ్డించేవాళ్లు తామూ ఒక విస్తరి వేసుకుని కూర్చోవడంలో తప్పు లేదు.

చివరిది ముఖ్యమైనది. దిగులు, నిద్రలేమి, బతకాలని లేకపోవడం రోజుల తరబడి వెంటాడుతుంటే, అది భక్తి తక్కువై వచ్చింది కాదు, జపంతోనే పోతుందని కూర్చోవద్దు. డాక్టరును కలవండి. ప్రభుత్వ టెలీ మానస్ సేవ 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు. తెలుగులో మాట్లాడే వీలుంది. సాయం తీసుకోవడం కూడా తనను తాను ప్రేమించుకోవడమే.

మా సభ్యురాలు తరువాతి ఏకాదశి నాడు ఫోన్ చేశారు. డాక్టరును అడిగి, ఆయన చెప్పినట్టు వేళకు తిని, మాత్ర వేసుకుని, మిగిలిన పొద్దంతా నామం చేసుకున్నారట. "ఆకలి ధ్యాస లేదు కాబట్టి దేవుడి ధ్యాస నిలిచిందండీ" అన్నారు. మీ ఇంట్లోనూ అన్నీ అయ్యాక మిగిలితే నేను అనుకునే తల్లి ఎవరైనా ఉంటే, ఈ సంగతులు ఆమెకు చదివి వినిపించండి. ఆ పూట విస్తరి ముందు ఆమెకే వేయండి.