ఇద్దత్ ముగిసినా భరణం అడగొచ్చు: సుప్రీంకోర్టు తీర్పు ఏం చెప్పింది?

“మెహర్ ఇచ్చేశాం, ఇద్దత్ ఖర్చు కూడా ఇచ్చేశాం. ఇక మాకూ మీకూ సంబంధం లేదు.” తలాక్ తర్వాత అమ్మాయి తరఫు వాళ్లకు తరచుగా వినిపించే మాట ఇది. చాలా కుటుంబాలు దీన్నే చట్టం అనుకుని ఊరుకుంటాయి. నిజానికి చట్టం అలా చెప్పడం లేదు. ఈ విషయాన్ని సుప్రీంకోర్టు 2024 జూలై 10న మరోసారి తేల్చి చెప్పింది. ఆ కేసు వెళ్లింది కూడా తెలంగాణ నుంచే.

భార్యకు నెలకు రూ.20 వేల మధ్యంతర భరణం ఇవ్వాలని ఫ్యామిలీ కోర్టు ఆదేశించింది. భర్త హైకోర్టుకు వెళ్లాడు. 2017లోనే విడాకులయ్యాయంటూ సర్టిఫికెట్ చూపించాడు. హైకోర్టు మొత్తాన్ని రూ.10 వేలకు తగ్గించింది కానీ భరణం ఇవ్వక్కర్లేదని మాత్రం అనలేదు. దాంతో ఆయన సుప్రీంకోర్టు మెట్లెక్కాడు. ముస్లిం మహిళల కోసం 1986లో ప్రత్యేక చట్టం వచ్చింది కాబట్టి, విడాకులు పొందిన ముస్లిం మహిళ ఆ చట్టం కిందే అడగాలి, అందరికీ వర్తించే సీఆర్‌పీసీ 125 సెక్షన్ కింద అడగకూడదు అన్నది ఆయన వాదన.

జస్టిస్ బి.వి. నాగరత్న, జస్టిస్ ఆగస్టీన్ జార్జ్ మసీహ్ ధర్మాసనం ఈ వాదనను ఒప్పుకోలేదు. ఇద్దరూ వేర్వేరుగా తీర్పులు రాసినా చెప్పింది ఒకటే. 1986 చట్టం అదనంగా వచ్చిన దారి, పాత దారిని మూసేయడానికి వచ్చింది కాదు. ఏ చట్టం కింద అడగాలన్నది ఆ మహిళ ఇష్టం. కావాలంటే రెండింటి కిందా అడగొచ్చు. 2019 చట్టం ప్రకారం చెల్లని ట్రిపుల్ తలాక్ బాధితులకు కూడా 125 దారి తెరిచే ఉంటుంది.

ఈ గొడవ ఇప్పటిది కాదు. 1985లో షాబానో కేసు తీర్పు, దానిపై రేగిన దుమారం, మరుసటి ఏడాదే వచ్చిన 1986 చట్టం పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటాయి. ఆ చట్టంతో భరణం ఇద్దత్ వరకే పరిమితమైందని అప్పట్లో చాలామంది అనుకున్నారు. 2001లో డేనియల్ లతీఫీ కేసులో సుప్రీంకోర్టు చట్టంలోని మాటలను జాగ్రత్తగా చదివి వేరే అర్థం చెప్పింది. ఇద్దత్ లోపు ఇవ్వాలి అంటే ఇద్దత్‌కు మాత్రమే సరిపడా ఇవ్వాలని కాదు. ఆమె ముందున్న జీవితానికి సరిపడే న్యాయమైన ఏర్పాటును ఆ గడువు లోపు చేయాలని. మెహర్ లెక్క వేరు, ఇది వేరు. మూడు నెలల రేషన్ డబ్బులు చేతిలో పెట్టి అయిపోయిందనడం కుదరదు.

ఇక్కడ ఇంకో గందరగోళం ఉంది. 2024 జూలై 1 నుంచి సీఆర్‌పీసీ స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత వచ్చింది. పాత 125 ఇప్పుడు 144 అయింది. నంబర్ మారింది, హక్కు మాత్రం అదే. భార్య ప్రస్తుతం ఎక్కడ ఉంటోందో అక్కడి కోర్టులోనే పిటిషన్ వేయొచ్చు. పుట్టింటికి వచ్చేసిన అమ్మాయి అత్తగారి ఊరి కోర్టు చుట్టూ తిరగక్కర్లేదు. నోటీసు అందిన 60 రోజుల్లో, వీలైనంత వరకు, మధ్యంతర భరణంపై నిర్ణయం రావాలని చట్టం చెబుతోంది. వాస్తవంలో ఆలస్యాలు మామూలే. అయితే భరణాన్ని పిటిషన్ వేసిన తేదీ నుంచే లెక్కగట్టాలని 2020లో రజనీష్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది కాబట్టి, కేసు సాగిన నెలల డబ్బు పోదు. ఆదాయం, ఆస్తులు, అప్పులపై ఇద్దరూ అఫిడవిట్ ఇవ్వాలన్నది కూడా ఆ తీర్పులోదే. “నాకు జీతమే లేదు” అని నోటిమాటగా చెప్పి తప్పించుకోవడం ఇప్పుడు అంత తేలిక కాదు. నికాహ్‌నామా, తలాక్ కాగితం, పిల్లల స్కూల్ ఫీజు రసీదులు, భర్త ఉద్యోగం లేదా వ్యాపారం గురించి దొరికే ఆధారాలు ముందే జాగ్రత్త చేసుకుంటే మంచిది.

భరణం అందరికీ వచ్చి తీరుతుందని కాదు. విడాకులు పొందిన మహిళ మళ్లీ పెళ్లి చేసుకుంటే ఈ సెక్షన్ కింద హక్కు ఉండదు. తనను తాను పోషించుకోగలిగే సంపాదన ఉంటే కోర్టు దాన్నీ చూస్తుంది. పిల్లల భరణం మాత్రం విడి హక్కు, తల్లి సంపాదనతోనో రెండో పెళ్లితోనో అది రద్దు కాదు.

ఖులా విషయంలో ఒక్క మాట. భర్త ఒప్పుకోకపోయినా ఖులా తీసుకోవడం మహిళ హక్కేనని, ముఫ్తీ సర్టిఫికెట్ తప్పనిసరి కాదని తెలంగాణ హైకోర్టు 2025 జూన్‌లో తీర్పు ఇచ్చింది. ఏళ్ల తరబడి వేలాడే ఆడవాళ్లకు ఇది పెద్ద ఊరట. కానీ ఖులా కాగితంలో “ఇకపై భరణం కోరను” అన్న వాక్యం ఉందేమో చూసుకోవాలి. విడాకుల సమయంలో ఇష్టపూర్వకంగా హక్కు వదులుకున్నట్టు తేలితే భరణం ఉత్తర్వును రద్దు చేసే వీలు చట్టంలోనే ఉంది. పెద్దల ముందు, తొందరలో, చదవకుండా పెట్టే సంతకాలు ఇక్కడే దెబ్బతీస్తాయి.

ఉత్తర్వు వచ్చాక భర్త డబ్బు కట్టకపోతే? కోర్టు వారెంట్ ఇవ్వొచ్చు, బాకీ పడిన ఒక్కో నెలకు నెల వరకు జైలు వేయొచ్చు. జైలుకు వెళ్లొచ్చినంత మాత్రాన బాకీ తీరిపోదు. అయితే బాకీ పడిన తేదీ నుంచి ఏడాది లోపే వారెంట్ కోసం కోర్టును అడగాలి, అందుకే “ఇస్తాడులే” అని ఆగడం మంచిది కాదు. లాయర్ ఫీజు గురించి భయపడేవాళ్లు జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లొచ్చు, లేదా 15100కు ఫోన్ చేయొచ్చు. 1987 చట్టం ప్రకారం మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా అక్కడ లాయర్‌ను ఉచితంగా ఇస్తారు.