గొప్ప డీజే మిక్స్ అంటే ఏమిటి? యంత్రమే బీట్ కలిపే కాలంలో మనిషి చేసే పనేంటి?

తెలుగు ఊళ్లలో డీజే అంటే ముందు గుర్తొచ్చేవి బరాత్‌లోనూ వినాయక నిమజ్జనంలోనూ లారీ మీద కదిలే భారీ స్పీకర్లు. 2024లో హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను నిషేధించినప్పుడు కూడా చర్చంతా శబ్దం గురించే సాగింది. కానీ ఆ మాట మొదట పుట్టింది పరికరానికి కాదు, మనిషికి. డిస్క్ జాకీ అంటే రికార్డులు ఎంచి, ఒకదాని వెంట ఒకటి వినిపించే వ్యక్తి.

ఎలక్ట్రానిక్ డ్యాన్స్ మ్యూజిక్‌లో ఆ వ్యక్తిదే ప్రధాన కళాకారుడి స్థానం. ఎక్కువగా ఇతరులు తయారుచేసిన ట్రాక్‌లతోనే గంట నుంచి రాత్రంతా జనాన్ని ఆడిస్తారు. ఆ ప్రదర్శనను 'సెట్' అంటారు. ట్రాక్‌లు మధ్యలో ఆగకుండా ఒకదానిలోకి ఒకటి కలిసిపోయే ప్రవాహమే 'మిక్స్'.

ఇప్పుడు 'సింక్' బటన్ నొక్కితే రెండు ట్రాక్‌ల వేగాన్ని యంత్రమే కలుపుతోంది. గోవాలో 2007లో మొదలైన సన్‌బర్న్ లాంటి ఉత్సవాలకు వేల రూపాయలు పెట్టి వెళ్లే యువతకు, వాళ్లను పంపే తల్లిదండ్రులకు సహజంగానే ఒక సందేహం వస్తుంది. వేదిక మీద ఉన్న మనిషి నిజంగా చేస్తున్నది ఏమిటి?

బీట్ కలపడం ఎలా?

ఈ సంగీతం వేగాన్ని బీపీఎంలో, అంటే నిమిషానికి పడే దెబ్బల లెక్కలో కొలుస్తారు. హౌస్ సంగీతం సాధారణంగా 120 నుంచి 130 మధ్య ఉంటుంది. టెక్నో తరచూ అంతకంటే వేగంగా సాగుతుంది.

ఒక ట్రాక్ 128 బీపీఎం, రెండోది 130 అనుకుందాం. రెండింటినీ ఒకేసారి మొదలుపెడితే 15 సెకన్లకే ఒకదాని దెబ్బ మరొకదాని రెండు దెబ్బల మధ్య పడుతుంది. వినేవారికి గుర్రం తడబడి పరిగెత్తినట్టుంటుంది. మొదటిదాని వేగాన్ని దాదాపు 1.6 శాతం పెంచితేనే రెండూ కలుస్తాయి.

న్యూయార్క్‌లోని శాంక్చువరీ క్లబ్‌లో 1970 ప్రాంతంలో ఫ్రాన్సిస్ గ్రాసో అనే డీజే ఇలా కలపడానికి దారి చూపాడు. 1972లో జపాన్ కంపెనీ టెక్నిక్స్ తెచ్చిన ఎస్ఎల్-1200 టర్న్‌టేబుల్, 1979లో వచ్చిన దాని రెండో రూపం ఈ పనికి ప్రామాణిక పరికరాలయ్యాయి. రెండో రూపంలో ఒక మీటను జరిపి వేగాన్ని 8 శాతం వరకు పెంచవచ్చు, తగ్గించవచ్చు.

వేగం కలిసినంత మాత్రాన పని పూర్తికాదు. ఈ సంగీతంలో నాలుగు దెబ్బలు ఒక బార్. ఎనిమిది బార్లు, అంటే 32 దెబ్బలు పూర్తయ్యేసరికి సాధారణంగా ఏదో ఒక మార్పు వస్తుంది. కొత్త వాద్యం చేరుతుంది, లేదా ఉన్నది తప్పుకుంటుంది. 128 బీపీఎం వద్ద ఈ ఆవర్తనం కచ్చితంగా 15 సెకన్లు. కొత్త ట్రాక్‌ను ఆవర్తనం మధ్యలో ఎత్తుకుంటే, వేగం సరిపోయినా చెవికి ఇబ్బందిగానే ఉంటుంది. ఎత్తుగడ తప్పిన కీర్తన లాంటిదే ఇదీ.

మంద్రం, శ్రుతి

రెండు ట్రాక్‌ల మంద్ర ధ్వనులు ఒకేసారి మోగితే శబ్దం బురదలా కలగాపులగమవుతుంది. అందుకే డీజే కొత్త ట్రాక్ మంద్రాన్ని మిక్సర్ మీద తగ్గించి ఉంచి, పైస్థాయి ధ్వనులను మాత్రమే ముందు వినిపిస్తాడు. సరైన క్షణంలో పాత ట్రాక్ మంద్రం తీసేసి కొత్తది ఇస్తాడు. జనం కాళ్ల కింద నేల మారినట్టు అనిపించే క్షణం అదే. చాలాసార్లు కొత్త ట్రాక్ అంతకుముందే మొదలైందన్న సంగతి కూడా వారికి తెలియదు.

శ్రుతిదీ ఇదే సమస్య. వినైల్ రికార్డు వేగాన్ని సుమారు 6 శాతం పెంచితే శ్రుతి ఒక స్వరస్థానం పైకి జరుగుతుంది. వేగం కోసం మీట జరిపితే రాగం పక్కకు పోవచ్చు. నేటి సాఫ్ట్‌వేర్ శ్రుతి మారకుండానే వేగం మార్చగలదు, ఏ ట్రాక్ ఏ శ్రుతిలో ఉందో కూడా చెబుతుంది.

ఇంతవరకు చెప్పినవన్నీ నేర్చుకోదగ్గ నైపుణ్యాలే. వీటిలో చాలాభాగం ఇప్పుడు యంత్రం కూడా చేస్తుంది. ఇవి తప్పుల్లేని మిక్స్‌ను ఇస్తాయి. గొప్ప మిక్స్‌కు ఇవి చాలవు. దానికి 30 ఏళ్ల కిందటి ఒక రికార్డింగ్ మంచి ఉదాహరణ.

టోక్యో, 1995

అమెరికాలోని డెట్రాయిట్ నగరానికి చెందిన జెఫ్ మిల్స్ 1980ల్లో 'ద విజార్డ్' పేరుతో స్థానిక రేడియోలో రికార్డులు వాయిస్తూ పేరు తెచ్చుకున్నాడు. 1995లో టోక్యోలోని లిక్విడ్ రూమ్ క్లబ్‌లో ఆయన ఇచ్చిన ప్రదర్శన మరుసటి ఏడాది సీడీగా విడుదలైంది. ప్రత్యక్ష డీజే మిక్స్‌ల గురించి మాట వస్తే ఇప్పటికీ ముందు వరసలో వినిపించే పేర్లలో అదొకటి.

సుమారు 70 నిమిషాల్లో 30కి పైగా ట్రాక్‌లు వస్తాయి. అంటే సగటున రెండు నిమిషాలకు ఒకటి మారుతుంది. ఒక ట్రాక్‌లోని ఉపయోగపడే ముక్క వినిపించి, అది పాతబడకముందే తీసేస్తాడు. డెట్రాయిట్‌కే చెందిన డెరిక్ మే 1987 నాటి 'స్ట్రింగ్స్ ఆఫ్ లైఫ్', మిల్స్ సొంత ట్రాక్ 'ద బెల్స్' కూడా అందులో ఉన్నాయి.

ఈ రికార్డింగ్ శుభ్రంగా ఉండదు. సూది గరగరలు, జనం కేకలు వినిపిస్తాయి. రెండు రికార్డులు క్షణకాలం జారి, మళ్లీ చేతితో సర్దుకున్న చోట్లు తెలుస్తాయి. స్టూడియోలో వీటిని తేలిగ్గా తీసేయవచ్చు. కానీ వినేవారిని పట్టి ఉంచేది కొంతవరకు ఇవే. ఇంత వేగంగా రికార్డులు మారుస్తున్న మనిషి ఏ క్షణమైనా తప్పవచ్చని, తప్పినా నిలబెడుతున్నాడని చెవికి తెలుస్తుంది.

అలాగని తప్పులే గొప్పతనం కాదు. ఆ తప్పులు ఎందుకొచ్చాయన్నదే ముఖ్యం. జాగ్రత్త లేక వచ్చిన జారుడు ఒకటి. గది వేడిని వదులుకోకూడదని తెగించినప్పుడు వచ్చిన జారుడు మరొకటి. లిక్విడ్ రూమ్‌లో వినిపించేది రెండోది.

బీట్ కలపకుండానే రాత్రంతా: గోవా

బీట్ కలపడమే ఈ కళకు ప్రాణమైతే గోవా చరిత్రకు అర్థమే ఉండదు. 1980ల్లో అంజునా తీరంలో విదేశీ యాత్రికులు జరుపుకున్న పార్టీల్లో వినైల్ వాడకం కష్టంగా ఉండేది. రికార్డులు బరువు, పైగా ఎండకు వంకర పోతాయి. డీజేలు క్యాసెట్లతో, తర్వాత డాట్ అనే చిన్న డిజిటల్ టేపులతో వాయించారు. ఆ యంత్రాల్లో వేగం మార్చే మీట సాధారణంగా ఉండేది కాదు.

దాంతో ఒక ట్రాక్ చివర దెబ్బలు ఆగి ధ్వని పలచబడే చోట మరో ట్రాక్ మొదలును కలిపేవారు. గోవా ట్రాన్స్ ట్రాక్‌లకు దెబ్బలు లేని పొడవైన ఆరంభాలు, ముగింపులు ఉండటానికి ఇదొక కారణమని చెబుతారు.

అమెరికాలో పుట్టి గోవాలో స్థిరపడిన గోవా గిల్ దశాబ్దాల పాటు ఈ పద్ధతినే పాటించాడు. 2023లో మరణించిన ఆయన సెట్లు ఒక్కోసారి 24 గంటలు సాగేవి. అర్ధరాత్రి వేగంగా, చీకటిగా ఉండే సంగీతం తెల్లవారేసరికి రాగమయంగా, తేలికగా మారాలన్నది అక్కడి ఆనవాయితీ. రెండు ట్రాక్‌ల మధ్య అతుకు స్పష్టంగా తెలిసినా జనం పట్టించుకోలేదు. రాత్రి మొత్తం ఒక దారిలో నడిచిందా లేదా అన్నదే వాళ్లకు ముఖ్యం.

ఏది, ఎప్పుడు

మిల్స్‌ది రెండు నిమిషాలకో రికార్డు మార్చే వేగం. గోవా గిల్‌ది పొద్దు చూసుకుని నడిచే నిదానం. ఇద్దరి పద్ధతులకూ పోలిక లేదు. కలిసేది ఒక్క చోటే. తర్వాతి ట్రాక్ ఏది, దాన్ని ఏ క్షణంలో తేవాలి అన్న నిర్ణయం ఎదుట ఉన్న జనాన్ని బట్టి జరుగుతుంది.

కర్ణాటక సంగీత కచేరీ తెలిసినవారికి ఇది కొత్త కాదు. వర్ణంతో మొదలుపెట్టి, మధ్యలో ప్రధాన రాగాన్ని విస్తరించి, చివర తేలికైన కృతులతో ముగించే క్రమం ఉంది. ఆ క్రమంలోనూ సభను చూసి విద్వాంసుడు ఒక కృతిని పొడిగిస్తాడు, మరొకదాన్ని వదిలేస్తాడు. డీజే సెట్‌లోనూ అంతే. రాత్రి మొదట్లో వాయించేవాడు జనాన్ని తొందరపెట్టకూడదు. అందరికీ తెలిసిన ట్రాక్‌లన్నీ పది గంటలకే వాడేస్తే, ఒంటిగంటకు వచ్చేవాడికి ఏమీ మిగలదు.

న్యూయార్క్ పారడైజ్ గరాజ్‌లో 1977 నుంచి 1987 దాకా వాయించిన లారీ లెవాన్‌ను నేటికీ గుర్తుచేసుకునేది అతుకుల్లేని మిక్సింగ్ కోసం కాదు. తన గదిని, దాని ధ్వనిని, వారం వారం వచ్చే జనాన్ని తెలుసుకుని వాయించినందుకు.

ప్లే బటన్ వివాదం

2012లో కెనడా సంగీతకారుడు డెడ్‌మౌస్ ఒక వ్యాసంలో కుండబద్దలు కొట్టినట్టు ఒక మాట రాశాడు. పెద్ద వేదికల మీద అందరూ చేసేది దాదాపుగా ప్లే బటన్ నొక్కడమేనన్నది దాని సారాంశం. దీనిపై పెద్ద దుమారమే రేగింది. కారణం మాత్రం సాంకేతికమైనది. దీపాలు, వీడియో తెరలు, నిప్పు రవ్వలు సంగీతంతో క్షణం తప్పకుండా కలవాలంటే వరుస ముందే ఖరారు కావాలి. ఖరారైన వరుసను జనం స్పందన మార్చలేదు.

ఇక్కడ అసలు తేడా పరికరాలది కాదు. సింక్ బటన్ వాడుతూ కూడా గొప్పగా వాయించవచ్చు. వేగం కలిపే భారం తగ్గితే, ఆ సమయాన్ని జనాన్ని చూడటానికి, మూడో ట్రాక్‌ను కలపడానికి వాడుకోవచ్చు. వినైల్ మీద చేతితో కలుపుతూనే ఇంట్లో రాసుకున్న వరుసను తు.చ. తప్పకుండా అప్పజెప్పే డీజేలూ ఉండవచ్చు.

శ్రోత దీన్ని గుర్తించడం కష్టమేమీ కాదు. తెలిసిన ట్రాక్‌ను డీజే ఎంతసేపు దాచి ఉంచాడో గమనించాలి. జనం అలసినప్పుడు వేగం పెంచాడా, కాస్త ఊపిరి పీల్చుకోనిచ్చాడా అన్నది చూడాలి. ఇంట్లో విన్నప్పుడు మామూలుగా అనిపించిన ట్రాక్, ముందు వెనక ఉన్న ట్రాక్‌ల వల్ల అక్కడ కొత్తగా వినిపించిందా అన్నది మరో పరీక్ష. ఆ ట్రాక్‌ను సొంత ప్లేలిస్టులో విడిగా పెట్టుకుని వింటే ఆ అనుభూతి రాకపోతే, డీజే చేసిన పని అక్కడే ఉంది.