సముద్రాలు దాటే సాయం: పంపే ముందు తెలుసుకోవలసినవి

ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయి ఉక్కు నగరానికి దేశాల మధ్య సహకారం కొత్త విషయం కాదు. 1955 ఫిబ్రవరిలో నాటి సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందమే అక్కడి కర్మాగారానికి పునాది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్రప్రసాద్ తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. ఉపాధి కోసం తరలి వెళ్లిన వేలాది తెలుగు కుటుంబాలు అక్కడి సెక్టార్లలో తరతరాలుగా స్థిరపడ్డాయి. వరదలు, తుపానులు వచ్చినప్పుడు ఇంటింటికీ తిరిగి బట్టలు, బియ్యం, పుస్తకాలు సేకరించడం ఇటువంటి పట్టణాలలో పరిపాటి. అయితే ఆ మూటలు చేరవలసింది విదేశంలోని అనాథాశ్రమానికి అయినప్పుడు, మంచి మనసు ఒక్కటే సరిపోదు. నిబంధనలు, రవాణా ఖర్చు, అన్నిటికీ మించి అక్కడి పిల్లల మేలు ఆలోచించవలసి ఉంటుంది.

అవసరం తెలియని సాయం

1988 డిసెంబరు 7న సోవియట్ యూనియన్‌లోని ఆర్మీనియాలో భూకంపం సంభవించినప్పుడు వివిధ దేశాల నుంచి సుమారు 5 వేల టన్నుల మందులు, వైద్య సామగ్రి అక్కడికి చేరాయి. ఏం వచ్చిందో తెలుసుకోవడానికే 50 మందికి 6 నెలలు పట్టింది. అందులో 8 శాతం చేరేసరికే గడువు తీరిపోయింది. ఇటువంటి అనుభవాల దృష్ట్యా ప్రపంచ ఆరోగ్య సంస్థ 1996లో మందుల విరాళాలపై మార్గదర్శకాలు ప్రకటించింది. గమ్యం చేరాక కనీసం ఏడాది గడువు మిగిలి ఉండాలని, రోగులు వాడగా మిగిలిన మందులు పంపరాదని వాటి సారాంశం.

బట్టల విషయంలోనూ ఇదే అనుభవం ఎదురయింది. 2004 డిసెంబరు 26 నాటి సునామీ తరువాత తమిళనాడు తీరంలో, ముఖ్యంగా నాగపట్నం ప్రాంతంలో, ఎవరికీ పనికిరాని పాత బట్టలు రోడ్ల పక్కన గుట్టలుగా పడి ఉండేవి. అదే సమయంలో భారత నౌకాదళం శ్రీలంక, మాల్దీవులు, ఇండోనేషియాలకు సహాయ సామగ్రి చేరవేసింది. అది ఆయా ప్రభుత్వాలతో సంప్రదించి పంపిన సాయం. రెంటికీ మధ్య ఉన్న తేడా ఇదే.

చట్టం ఏమంటోంది?

2023 విదేశీ వాణిజ్య విధానం ప్రకారం ఏడాదిలో 5 లక్షల రూపాయలకు మించని విలువ గల వస్తువులను కానుకగా ఎగుమతి చేయవచ్చు. ఎగుమతిపై పరిమితులు ఉన్న వస్తువులకు మాత్రం ప్రత్యేక అనుమతి అవసరం. వస్తువులకు బదులు డబ్బు పంపదలచిన వ్యక్తులు రిజర్వ్ బ్యాంకు సరళీకృత చెల్లింపుల పథకం కింద ఒక ఆర్థిక సంవత్సరంలో అన్ని అవసరాలకూ కలిపి 2 లక్షల 50 వేల డాలర్ల వరకు పంపవచ్చు. కానుకలు, విరాళాలు ఈ పరిమితిలోకే వస్తాయి.

ధర్మాదాయ ట్రస్టుల సంగతి వేరు. వాటి ఆదాయాన్ని దేశం వెలుపల ఖర్చు చేస్తే పన్ను మినహాయింపునకు సాధారణంగా కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు అనుమతి కావాలి. దాతలు వస్తురూపంలో ఇచ్చిన విరాళాలకు ఆదాయపు పన్ను రాయితీ లభించదు.

అందుకునే దేశపు నిబంధనలూ ముఖ్యమే. ఇండోనేషియా పాత బట్టల దిగుమతిని నిషేధించింది. ఫిలిప్పీన్స్‌లో పాత బట్టల వాణిజ్య దిగుమతిపై 1966 నుంచే నిషేధ చట్టం ఉంది. సుంకం మినహాయింపు పత్రాలు ముందుగా సిద్ధం కాకపోతే పెట్టెలు రేవులోనే నిలిచిపోతాయి. నిల్వ రుసుము పెరుగుతూ పోయి, చివరికి సరుకు విలువనే మించిపోవచ్చు. ఆ భారం మోయవలసి వచ్చేది ఆశ్రమమే.

పాలపొడి విషయంలో మరింత జాగ్రత్త అవసరం. పరిశుభ్రమైన నీరు లేని చోట అది పసిపిల్లల ప్రాణాలకే ముప్పు. తల్లిపాల ప్రత్యామ్నాయాల ప్రచారాన్ని, ఉచిత సరఫరాను నియంత్రించే అంతర్జాతీయ నియమావళి 1981 నుంచి అమలులో ఉంది.

అనాథాశ్రమంలో ఉన్నది ఎవరు?

దాతలు సాధారణంగా అడగని ప్రశ్న ఇది. ఇండోనేషియాలోని 37 బాలల సంస్థలను పరిశీలించి ఆ దేశ సాంఘిక వ్యవహారాల శాఖ, సేవ్ ది చిల్డ్రన్, యూనిసెఫ్ 2007లో ఒక అధ్యయనం వెలువరించాయి. అక్కడి పిల్లలలో దాదాపు 90 శాతం మందికి తల్లి లేదా తండ్రి ఉన్నారని, 56 శాతం మందికి ఇద్దరూ జీవించే ఉన్నారని అందులో తేలింది. చదువు చెప్పించలేని పేదరికమే వారిని ఇల్లు దాటించింది.

విరాళాలు సంస్థలోని పిల్లల సంఖ్యను బట్టి వస్తున్నప్పుడు ఆ సంఖ్య పెంచుకోవాలన్న ఆశ నిర్వాహకులకు కలగవచ్చు. అప్పుడు సాయమే పిల్లలను తల్లిదండ్రులకు దూరం చేస్తుంది. అందువల్లనే ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ 2009లో ఆమోదించిన మార్గదర్శకాలు పిల్లల సంరక్షణలో కుటుంబానికే తొలి స్థానం ఇచ్చాయి. తల్లిదండ్రుల సంరక్షణకు దూరమైన బాలలపై 2019 డిసెంబరులో చేసిన తీర్మానం అనాథాశ్రమ పర్యాటకం వల్ల కలిగే హానిని కూడా ప్రస్తావించింది.

ముందు అడగవలసినవి

ఆశ్రమానికి అక్కడి ప్రభుత్వ గుర్తింపు ఉందా? ఎంతమంది పిల్లలకు తల్లిదండ్రులు ఉన్నారు? గత ఏడాది ఎందరు సొంత ఇంటికి తిరిగి వెళ్లారు? అవసరమైన వస్తువుల జాబితాను కొలతలు, సంఖ్యలతో రాసి ఇవ్వగలరా? సరుకు చేరినట్లు ధ్రువీకరణ ఇస్తారా? వీటికి సూటిగా జవాబిచ్చే సంస్థతో ముందుకు సాగవచ్చు. పిల్లల ఫోటోలు పంపాలని షరతు పెట్టకపోవడం దాతల వైపు నుంచి పాటించవలసిన మర్యాద.

నోటు పుస్తకాలు, యూనిఫారాలు వంటివి చాలా దేశాలలో స్థానికంగానే దొరుకుతాయి. భిలాయి నుంచి రాయ్‌పుర్, రాయగడ, విజయనగరం మీదుగా విశాఖ రేవుకు చేర్చి, ఓడకెక్కించే ఖర్చుతో అక్కడే అంతకంటే ఎక్కువ కొనవచ్చు. స్థానిక వ్యాపారికీ నాలుగు డబ్బులు దక్కుతాయి. అక్కడ దొరకని వస్తువులకు, ఉదాహరణకు దూరదేశంలో చదివే తెలుగు పిల్లలకు కావలసిన తెలుగు పుస్తకాలకు, పెట్టె కట్టడం సబబు. మిగిలిన సొమ్ము ఒక తల్లి తన బిడ్డను ఇంటి వద్దే ఉంచుకొని చదివించుకోవడానికి తోడ్పడితే, ఆ సాయం ఆశ్రమానికి పంపిన బట్టల మూట కంటే ఎక్కువ కాలం నిలుస్తుంది.