చిరిగిన దుప్పటి ఖరీదు

హజ్ రోజులొస్తే మక్కాలోని అజీజియాలో ఏ మెట్ల మీద నిలబడినా హైదరాబాదీ మాట చెవిన పడుతుంది. నాంపల్లి హజ్ హౌస్ నుంచి, విజయవాడ నుంచి బయల్దేరిన వాళ్లలో చాలామందికి బస అక్కడే. మినాలో రాళ్లు విసిరే జమరాత్‌కి కాలినడకన పోవచ్చు, హరమ్‌కి మాత్రం బస్సెక్కాలి. భోజనాల వేళ ఎవరో ఊరి నుంచి తెచ్చిన ఆవకాయ సీసా మూత తిప్పుతుంటారు. బస్సు దిగి హరమ్ దగ్గర తలెత్తితే 601 మీటర్ల గడియార స్తంభం కనిపిస్తుంది. ఆ భవనాలు లేచిన చోట 2002 దాకా ఒక గుట్ట, దాని మీద ఒట్టోమన్ల కాలపు అజ్యాద్ కోట ఉండేవి. రెండూ ఇప్పుడు లేవు.

1916 జూన్ 10న మక్కా షరీఫ్ హుసేన్ తన ఇంటి కిటికీలోంచి తుపాకీ పేల్చి ఒట్టోమన్ సుల్తాను మీద తిరుగుబాటు మొదలుపెట్టాడు. అజ్యాద్ కోటలోని దళం జూలై వరకు లొంగలేదు. గోడలు పగలగొట్టాలంటే ఫిరంగులు కావాలి, ఫిరంగి పేల్చడం వచ్చిన మనుషులూ కావాలి. షరీఫ్ వెంట ఉన్నదేమో ఒంటెల మీద వచ్చిన తెగల వాళ్లు. ధైర్యానికి లోటు లేదు గానీ వరసలో నిలబడి యుద్ధం చేయడం వాళ్లకు అలవాటు లేదు. చివరికి బ్రిటిష్ వాళ్లు ఎర్ర సముద్రం అవతల సూడాన్ నుంచి ఈజిప్టు ఫిరంగి దళాన్ని పంపితే పని జరిగింది.

మరి సొంత సైన్యం? యుద్ధవిద్య నేర్చిన అరబ్బులు వేలల్లో ఉన్నారు. వాళ్లు తొడుక్కున్నది ఒట్టోమన్ యూనిఫారం, కొందరు పట్టుబడి బ్రిటిష్ వాళ్ల ఖైదీ శిబిరాల్లో ఉన్నారు. షరీఫ్ కొడుకు ఫైసల్ దగ్గర తయారైన కవాతు సైన్యానికి ఆ శిబిరాలే పెద్ద ఊట. నిన్నటి శత్రువు కొలువులో చేరిన యుద్ధఖైదీల కథల్లో నాకు అన్నిటికన్నా దగ్గరైనవి మక్కా, మదీనాలున్న ఈ హిజాజ్ ప్రాంతపు కథలే. అందుకే విశేషాలు ఇక్కడి నుంచే మొదలుపెడుతున్నాను.

అతి బరువైన పలాయనం

జాఫర్ అల్ అస్కరీ బాగ్దాద్ మనిషి. ఒట్టోమన్ సైన్యంలో అధికారి, జర్మనీలో శిక్షణ పొందినవాడు. 1915లో లిబియా ఎడారిలో సెనుస్సీ తెగల సైన్యాన్ని కూడగట్టి ఈజిప్టులోని బ్రిటిష్ వాళ్ల మీదికి నడిపాడు. 1916 ఫిబ్రవరి 26న అగాగియా దగ్గర డోర్సెట్ రౌతులు కత్తులు దూసి మరతుపాకుల ఎదుటికే గుర్రాలను దూకించారు. ఆ రోజు జాఫర్ గాయపడి పట్టుబడ్డాడు. తీసుకెళ్లి కైరో కోటలో పెట్టారు.

ఆయన భారీకాయుడు, సరదా మనిషి. ఊరికే కూర్చునే రకం కాదు. ఒక రాత్రి దుప్పట్లు చింపి తాడు పేని, దాన్ని పట్టుకుని కోట గోడ దిగబోయాడు. తాడు ఆ బరువు ఆపలేక తెగింది. కింద పడి చీలమండ దెబ్బతింది, మళ్లీ దొరికిపోయాడు. ఒకరోజు అరబీ పత్రికల్లో హిజాజ్ తిరుగుబాటు గురించి చదివాడు. ఒట్టోమన్ల తరఫున సిరియాను ఏలుతున్న జమాల్ పాషా అరబ్బు ప్రముఖులను ఉరి తీయించిన వార్త కూడా చదివాడు. 1916 మే 6న ఒక్కరోజే బేరూత్, డమాస్కస్ కూడళ్లలో 21 మందిని ఉరి తీశారు. వాళ్లలో జాఫర్ స్నేహితులున్నారు. తాను ఎవరి జెండా కోసం నెత్తురు కార్చాడో, తన వాళ్ల మెడకు తాడు బిగించింది వాళ్లే.

షరీఫ్ కొలువుకు వస్తానన్నాడు. అంతకుముందే, ఆస్పత్రిలో ఉండగా, పారిపోనని మాటిచ్చి, చిరిగిన దుప్పటి ఖరీదు కట్టి బయటికొచ్చాడని ఆ తర్వాత ఆయనతో కలిసి పనిచేసిన బ్రిటిష్ అధికారి లారెన్స్ రాశాడు. నాకు ఆ దుప్పటి ఖరీదు దగ్గరే మనసు ఆగిపోతుంది. పక్షం మారే ముందు పాత లెక్క తీర్చి వచ్చిన మనిషి ఇంకొకరు ఎవరున్నారో నాకు తెలియదు. ఫైసల్ కవాతు సైన్యానికి ఆయనే సేనాని అయ్యాడు. ఒకే యుద్ధంలో జర్మన్ల ఐరన్ క్రాస్, బ్రిటిష్ వాళ్ల సీఎంజీ పతకం రెండూ అందుకున్నాడు. యుద్ధం అయ్యాక ఇరాక్‌కు రెండుసార్లు ప్రధానమంత్రి. లండన్‌లో రాయబారిగా ఉన్నప్పుడు న్యాయశాస్త్రం చదివి బారిస్టరయ్యాడు. 1936 అక్టోబర్ 29న బాగ్దాద్‌లో సైనిక తిరుగుబాటు జరిగింది. రక్తపాతం ఆపాలని తిరుగుబాటుదారులతో మాట్లాడటానికి బయల్దేరిన ఆయన్ను దారిలోనే చంపేశారు.

ఆయన బావమరిది నూరీ అస్సయీద్‌దీ ఇలాంటి దారే. వాళ్లది కుండమార్పిడి సంబంధం, ఒకరి చెల్లెలిని ఒకరు చేసుకున్నారు. 1914 నవంబర్‌లో బ్రిటిష్ సైన్యం బస్రా పట్టుకున్నప్పుడు నూరీ అక్కడ ఆస్పత్రిలో రోగి. ఖైదీగా మన దేశానికి పంపారు, తర్వాత ఈజిప్టుకు మార్చారు, అక్కడి నుంచి హిజాజ్ చేరాడు. ఇరాక్‌కు ప్రధానిగా ఆయన అన్నిసార్లు చేసినవాళ్లు మరొకరు లేరు. 1958 జూలై 15న బాగ్దాద్ వీధిలో ఆయనా హత్యకు గురయ్యాడు.

రాబిగ్‌లో దిగనన్నవాళ్లు

ఇలా చెప్పుకుంటూ పోతే ఖైదీలంతా ఉత్సాహంగా మారిపోయారనిపిస్తుంది. అలా జరగలేదు.

మెసపటోమియాలో దొరికిన ఒట్టోమన్ సైనికులను బ్రిటిష్ వాళ్లు ఇండియాకు, బర్మాకు తరలించారు. మన బళ్లారిలో కొందరు ఉన్నారు. పెద్ద శిబిరం రాజస్థాన్‌లోని సుమేర్‌పూర్. అక్కడి నుంచి అరబ్బులను ఏరి 1916 చివర్లో ఓడలెక్కించి షరీఫ్ సైన్యం కోసం ఎర్ర సముద్రంలోని రాబిగ్ రేవుకు పంపారు. హజ్‌కి ఓడలో వెళ్లిన పాతతరం వాళ్లకు ఆ సముద్రం తెలుసు. రాబిగ్ పక్కనే జుహ్ఫా, సిరియా, ఈజిప్టు వైపు నుంచి వచ్చే యాత్రికులు ఇహ్రాం ధరించే చోటు. అక్కడ ఓడ ఆగింది. దిగి షరీఫ్ పక్షాన పోరాడతారా అని అడిగారు. దిగింది గుప్పెడు మంది. మిగతావాళ్లు దిగేది లేదన్నారు.

భార్యాబిడ్డలు ఒట్టోమన్ల ఏలుబడిలోనే ఉన్నారు, ఇక్కడ దిగిన సంగతి అక్కడ తెలిస్తే వాళ్ల గతేమిటి? ఖలీఫాకు చేసిన ప్రమాణం మాటేమిటి? సాటి ముసల్మాను మీద, అందునా పవిత్రభూమిలో, తుపాకీ ఎలా ఎత్తడం? వాళ్లను ఈజిప్టులోని శిబిరాలకు తీసుకెళ్లారు. అక్కడ మళ్లీ కొందరు ఒప్పుకుని 1917లో ఇస్మాయిలియాలో కట్టిన అరబ్ దళంలో చేరారు. జాఫర్ పేరు చరిత్ర పుస్తకాల్లో ఉంది. తీరం చేయిచాచేంత దూరంలో కనబడుతున్నా ఓడ కమ్మీ పట్టుకుని తల అడ్డంగా ఊపినవాళ్ల పేర్లు లేవు. వాళ్లను తలవకుండా ఈ కథ చెప్పడం నాకు న్యాయంగా తోచదు.

అదే హిజాజ్‌లో అతి మొండి నిరాకరణ మదీనాలో జరిగింది. ఒట్టోమన్ సేనాని ఫఖ్రీ పాషా రెండేళ్ల ఏడు నెలలు ఆ ఊరిని అప్పగించలేదు. తిండి అయిపోతే మిడతలు తినమని, ఎలా వండుకోవాలో కూడా చెబుతూ సైనికులకు ఉత్తర్వు ఇచ్చాడు. 1918 అక్టోబర్ 30న తన ప్రభుత్వమే సంధి పత్రం మీద సంతకం చేసినా వినలేదు. చివరికి సొంత అధికారులే ఆయన్ను పట్టి అప్పగించారు. అప్పటికి 1919 జనవరి 10.

ఖైదీల కోసం కట్టిన మసీదు

జర్మనీలో కట్టిన మొట్టమొదటి మసీదు యుద్ధఖైదీలది. బెర్లిన్‌కు దక్షిణాన వున్స్‌డార్ఫ్‌లో 1915 జూలైలో చెక్కతో కట్టారు. గుమ్మటం, మీనారు అన్నీ ఉన్నాయి. బ్రిటిష్, ఫ్రెంచి సైన్యాల్లో పట్టుబడ్డ ముస్లిం సైనికులను మంచిగా చూసుకుని, సుల్తాన్ పక్షాన పోరాడటానికి ఒప్పించాలన్నది ఎత్తుగడ. ఆ శిబిరాన్ని నెలవంక శిబిరం అనేవారు. పక్కనే హిందూ, సిక్కు సిపాయిలూ ఉండేవారు. వాళ్ల కోసం హిందీ, ఉర్దూల్లో ‘హిందుస్తాన్’ అనే పత్రిక అచ్చువేసేవారు.

జర్మన్ పండితులు అక్కడి ఖైదీల గొంతులు రికార్డు చేశారు. ఆ పలకలు బెర్లిన్ విశ్వవిద్యాలయంలో ఇప్పటికీ ఉన్నాయి. 1916 డిసెంబర్‌లో ఒక పంజాబీ సిపాయి గొట్టం ముందు నిలబడి తన సంగతిని ఎవరో మూడో మనిషి సంగతిలా చెప్పాడు. హిందుస్తాన్‌లో వెన్న తిని పెరిగిన ఒక మనిషి ఉన్నాడట, యూరప్ యుద్ధానికి వచ్చి జర్మన్లకు దొరికాడట, ఇంటికి పోవాలని ఉందట, పోతే మళ్లీ ఆ తిండి దొరుకుతుందట. పక్షం మారమని అడుగుతున్నవాళ్ల యంత్రంలోకి అతడు పంపింది ఆ వెన్న ముచ్చటే.

ఒక మైదానం, ఒక పడవ

సంఖ్యలో చూస్తే మనవాళ్లదీ పెద్ద కథే. 1942 ఫిబ్రవరి 15న సింగపూర్ జపాన్‌కు లొంగింది. రెండు రోజుల తర్వాత ఫారర్ పార్క్ మైదానంలో దాదాపు 45,000 మంది భారతీయ సైనికులను కూర్చోబెట్టి బ్రిటిష్ అధికారి జపాన్ వాళ్లకు అప్పగించి వెళ్లిపోయాడు. జపాన్ మేజర్ ఫుజివారా మాట్లాడాడు. తర్వాత కెప్టెన్ మోహన్ సింగ్ మైకు ముందుకొచ్చి, ఇక బ్రిటన్ కోసం కాదు, భారతదేశం కోసం పోరాడదామన్నాడు. అలా పుట్టిందే ఆజాద్ హింద్ ఫౌజ్. చేరినవాళ్లు వేలల్లో ఉన్నారు, చేరనివాళ్లూ వేలల్లోనే. చేరనివాళ్లలో చాలామందిని కూలి దళాలుగా న్యూగినీ దీవులకు పంపితే ఎంతోమంది ఆకలికీ జబ్బుకూ బలయ్యారు. మోహన్ సింగ్ కూడా జపాన్ చేతిలో కీలుబొమ్మ కానని ఎదురుతిరిగితే ఆ డిసెంబర్‌లోనే నిర్బంధించారు. ఆ తర్వాత నేతాజీ వచ్చాక, మలయా రబ్బరు తోటల్లో పనిచేసే తమిళ, తెలుగు కూలీలూ ఆ ఫౌజులో కలిశారు.

నేతాజీని జర్మనీ నుంచి ఆసియాకు తెచ్చిన ప్రయాణంలో ఆయన వెంట ఉన్న ఒకే ఒక్క భారతీయుడు మన హైదరాబాదువాడు, ఆబిద్ హసన్. తల్లి ఫక్రుల్ హాజియా బేగం. ట్రూప్ బజార్‌లోని వాళ్ల ఇల్లు ఆబిద్ మంజిల్ వాకిట్లో విదేశీ బట్టలు తగలబెట్టించిన తల్లి ఆమె. ఆబిద్ ఇంజనీరింగ్ చదువుకు జర్మనీ వెళ్లాడు. ఉత్తర ఆఫ్రికాలో జర్మన్లకు చిక్కిన భారతీయ సిపాయిలతో నేతాజీ అక్కడ ఒక దళం కట్టినప్పుడు ఆయనకు కుడిభుజమయ్యాడు. ఆ సిపాయిలు ఒకరికొకరు ఎదురైతే రామ్ రామ్ అనేవారు, సత్ శ్రీ అకాల్ అనేవారు, సలాం అనేవారు. అందరి నోటా పలికే ఒక్క పలకరింపు కోసం వెతికి ఆబిద్ హసన్ ‘జై హింద్’ కూర్చాడని చెబుతారు. ఇవాళ మన బడి పిల్లలు అరిచే ఆ మాట యుద్ధఖైదీల దళం కోసం పుట్టింది!

1943 ఫిబ్రవరిలో కీల్ రేవులో యు-180 జలాంతర్గామి ఎక్కారు. ఏప్రిల్ చివర్లో మడగాస్కర్ దాపున ఎగసిపడే అలల మీద చిన్న రబ్బరు పడవలో ఇద్దరూ జపాన్ జలాంతర్గామి ఐ-29కి మారారు. ఆ మహాయుద్ధం మొత్తంలో ఒక దేశపు జలాంతర్గామి నుంచి మరో దేశపు జలాంతర్గామికి సముద్రం మధ్యలో పౌరులు మారింది ఆ ఒక్కసారే. ఆబిద్ హసన్ తర్వాత స్వతంత్ర భారత రాయబారిగా పనిచేసి 1984లో హైదరాబాదులో కన్నుమూశాడు.

1945 నవంబర్‌లో ఎర్రకోటలో షానవాజ్ ఖాన్, ప్రేమ్ సెహగల్, గురుబక్ష్ సింగ్ ధిల్లాన్‌ల మీద విచారణ మొదలైంది. బానిస జాతికి తన విడుదల కోసం యుద్ధం చేసే హక్కుందని భూలాభాయ్ దేశాయ్ వాళ్ల తరఫున వాదించాడు. శిక్ష పడింది, కానీ దేశం అట్టుడికిపోతుంటే 1946 జనవరిలో ద్వీపాంతరవాసం రద్దు చేసి వదిలేశారు. వాళ్లను స్వతంత్ర భారత సైన్యంలోకి మాత్రం తిరిగి తీసుకోలేదు. ఈ మాట రాస్తుంటే నాకు ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక. యాంగ్ క్యోంగ్‌జోంగ్ అనే కొరియన్ జపాన్, రష్యా, జర్మనీ మూడు సైన్యాల్లో వరసగా ఖైదీ అయి, వరసగా పక్షం మారి, చివరికి నార్మండీలో అమెరికన్లకు దొరికాడన్న కథ వింతల పేజీల్లో తరచూ కనిపిస్తుంది. ఫోటోలో జర్మన్ యూనిఫారంలో ఉన్న ఆసియా యువకుడు నిజం. ఆ పేరుకూ, ఆ చరిత్రకూ రుజువు లేదు. రష్యన్ ఖైదీల సంగతి అలా కాదు. జర్మన్ల చేతికి చిక్కిన 57 లక్షల సోవియట్ సైనికుల్లో 30 లక్షలకు పైగా చెరలోనే చచ్చిపోయారు. జర్మన్ల కొలువుకు ఒప్పుకున్నవాళ్లలో ఎందరో రొట్టెముక్క కోసమే ఒప్పుకున్నారు.

రెండు వైపులా వద్దన్నవాళ్లు

కొరియా యుద్ధం 1953లో ఆగాక 22,000 మందికి పైగా చైనా, ఉత్తర కొరియా ఖైదీలు స్వదేశానికి వెళ్లబోమన్నారు. అవతలి వైపు 21 మంది అమెరికన్లు, ఒకే ఒక్క బ్రిటిష్ సైనికుడు కమ్యూనిస్టుల దగ్గరే ఉండిపోతామన్నారు. వీళ్లందరి ఇష్టాన్ని విచారించే తటస్థ దేశాల సంఘానికి అధ్యక్షుడు మన జనరల్ తిమ్మయ్య. ఆయన హైదరాబాద్ రెజిమెంట్‌లో పనిచేసినవాడు. ఆయన సొంత అన్న సింగపూర్‌లో ఖైదీ అయ్యి ఆజాద్ హింద్ ఫౌజులో చేరినవాడు. ఇంట్లో ఆ ప్రశ్నను చూసిన మనిషికే వేలమంది ప్రశ్న అప్పగించారు. ముళ్లకంచె దగ్గర గుడారాల్లో కొందరిని ఒక్కొక్కరుగా కూర్చోబెట్టి, ఇంటికి పోతావా, పోవా అని అడిగారు. కాపలా మన సిపాయిలది.

వాళ్లలో 88 మంది ఉత్తరమూ వద్దు, దక్షిణమూ వద్దు, చైనా వద్దు, తైవానూ వద్దన్నారు. 1954 ఫిబ్రవరిలో మన సిపాయిలు ఎక్కిన ఓడలోనే వాళ్లూ ఎక్కి మద్రాసు రేవులో దిగారు. చాలామంది తర్వాత బ్రెజిల్‌కో, అర్జెంటీనాకో పోయారు. కొందరు ఇక్కడే ఉండిపోయారు.