సింహపురమున నాలుగు నాళ్లు

గుంటూరు నుండి నంద్యాలకు పోవు ఇనుపదారి మీద కంభము స్టేషనున దిగి, రోడ్డు పట్టి కొంత దూరము పోయినచో బేస్తవారిపేట వచ్చును. పేరులోనే బేస్తవారమున్న ఊరు. బృహస్పతివారమే జనుల నాలుకపై అరిగి అరిగి బేస్తవారమైనది. ఒకప్పుడు కర్నూలు జిల్లాలోనుండిన ఈ సీమ 1970లో క్రొత్తగా ఏర్పడిన ఒంగోలు జిల్లాలో చేరినది. 1972లో ఆ జిల్లాయే ప్రకాశమైనది. సముద్రతీరము గల జిల్లాలో చేరితిమని పడమటి తాలూకాల వారు సంతోషించిరో లేదో గాని, జిల్లా మారినంత మాత్రమున సముద్రము దగ్గరకు రాదు గదా! యాత్రయనిన వారికి అహోబిలము, శ్రీశైలము, తిరుపతి. కాలు నల్లమల వైపే సాగును గాని కడలి వైపు సాగదు.

ఈ ఊరి దంపతులిద్దరు ఇటీవల సింగపూరు చూచి వచ్చిరి. ఆయన పిల్లలకు తెలుగు, సాంఘికశాస్త్రము చెప్పి విశ్రాంతి తీసికొన్న అయ్యవారు. ఆమె ఇల్లాలు. అరువదియేండ్ల పండుగకు భోజనములు పెట్టింతుమని పిల్లలనగా, ఆ ఖర్చుతో మీ అమ్మకు సముద్రము చూపింపుడని అయ్యవారు కోరిరి. హైదరాబాదున ఉద్యోగములు చేసికొనుచున్న పిల్లలకు సముద్రమనిన సింగపూరే తోచినది.

ఆ కోరిక వెనుక ఒక పాత బాకీ యున్నది. పెండ్లియైన క్రొత్తలో ఆయన ఇల్లాలికి సముద్రము చూపింతునని మాట యిచ్చిరి. ఒంగోలు చేరి, అచ్చటి నుండి కొత్తపట్నము పోయి రావలెనన్న తలపు. ఆ వేసవిలోనే ఇంటి బావి ఎండినది. సముద్రమునకు పోవలసిన సొమ్ము బోరుబండికి పోయినది. రెండువందల అడుగులలో పడిన జల కొన్నేండ్లకు దిగిపోగా, రెండవ బోరు నాలుగువందల అడుగులకు దింపిరి. మూడవ దానిలో ఏడువందల అడుగుల వరకును రాతిపొడి తప్ప మరేమియు రాలేదు. పిల్లల చదువులు, బోరుబావులు పంచుకొనగా జీతమున మిగిలినది మాట మాత్రమే. మెట్టసీమలో ఇటువంటి లెక్కలేని ఇల్లు అరుదు.

లోతున దొరకిన ఆ కొద్ది నీరును మంచినీరు కాకపోయినది. రాతి పొరలలో చిరకాలము నిలిచిన నీట ఫ్లోరైడు కరగియుండుట పడమటి ప్రకాశమున పలు పల్లెల వారికి తెలిసిన పీడయే. పిల్లల పండ్లపై గోధుమవన్నె చారలు, పెద్దల కీళ్లలో బిరుసుదనము దాని గురుతులు. ఇల్లాలి మోకాళ్లు ఏబది నిండకముందే బిగిసినవి. ప్రయాణము నిశ్చయమైన నాడు ఆమె మొదట అడిగిన ప్రశ్న సముద్రమును గూర్చినది కాదు. "అక్కడ మెట్లు ఎక్కాల్నా?" అని.

తెలుగువారికి సింగపూరు దారి క్రొత్తది కాదు. ఇరువదవ శతాబ్ది నడిమి దశకములలో మద్రాసు, నాగపట్టణముల నుండి పినాంగుకును సింగపూరునకును రజూలా అను ఓడ నడచెడిది. మలయాలోని రబ్బరు తోటల కూలికై కోస్తా జిల్లాల నుండి పోయిన వారు ఓడ డెక్కు మీద ఎండకు, వానకు ఓర్చి దినముల తరబడి సాగిన దారి యది. ఈ దంపతులు చెన్నపట్టణమున రాత్రి విమానమెక్కి నాలుగు గంటలలో దిగిరి. గడియారమును రెండున్నర గంటలు ముందునకు త్రిప్పుకొనుటయే వారు పడిన శ్రమ.

సింగపూరనగా సింహపురమని అయ్యవారు దారిలోనే భార్యకు చెప్పిరి. నెల్లూరునకు విక్రమసింహపురియని పేరుండుట తెలుగు అయ్యవారు మరచునా? మలయా పురాణకథలో ఒక రాజకుమారుడు ఈ దీవిలో సింహమును చూచి ఆ పేరు పెట్టెనట. సింహములు తిరుగు నేల కాదది. అయినను పేరు నిలిచినది. నదీముఖమున ఆ నగరమునకు చిహ్నముగా నిలిపిన మెర్లయన్ బొమ్మకు తల సింహము, మొండెము చేప. 1972లో ప్రతిష్ఠించి, వంతెన అడ్డువచ్చుటచే 2002లో కొంచెము అవతలకు జరిపిరి. ఎనిమిదిన్నర మీటర్ల పొడవున నిలిచి, తెల్లని నీటిధారను నోటినుండి ఎల్లవేళల వెడలగ్రక్కుచుండును. లోకమంతయు ఆ బొమ్మ ముందు ఫోటోలు తీయించుకొనుచుండగా, నల్లమల పంచన పుట్టిన ఆ ఇల్లాలు సింహముఖమును చూడగానే అప్రయత్నముగా చేతులు జోడించినది. ఆ వెంటనే, "ఏమండీ, ఈ నీళ్లు పొద్దస్తమానం ఇట్లా పోస్తానే ఉంటారా?" అన్నది. అయ్యవారు నవ్వి ఊరకుండిరి.

ఆ నమస్కారము బొత్తిగా చోటు తప్పినదియు కాదు. సెరంగూన్ రోడ్డున శ్రీనివాస పెరుమాళ్ కోవెల కలదు. 1855 నాటి ఆ కోవెలకు మొదటి పేరు నరసింహ పెరుమాళ్ కోవెలయే. అందలి పెద్దగోపురము ఇటీవలిది, గత శతాబ్ది ఏడవ దశకము తరువాతి కట్టడము. ఆ చుట్టుపట్ల వీథులలో మల్లెమాలలు, ఇడ్డెనలు, చీరలు, తమిళము, నడుమ నడుమ తెలుగు. 1975 నుండి అచ్చట తెలుగు సమాజమున్నది. ఉగాది పచ్చడి అచ్చటను చేదుగనే యుండును. కోవెల మంటపమున కూర్చున్న గంటసేపు ఆమెకు మోకాళ్లు జ్ఞప్తికి రాలేదట.

తక్కిన వింతలు వేగముగనే గడచినవి. మూడు మేడల నెత్తిన ఓడను మోపినట్లున్న హోటలును క్రిందనుండియే చూచిరి. ఇనుపకొమ్మల మహావృక్షములకు రాత్రివేళ దీపములు వెలిగించి పాట వినిపించు తోటయు చూచిరి. ఏబది మీటర్ల వరకు ఎత్తు గల చెట్లవి, పూయవు, కాయవు. "చింతచెట్టు మేలు" అని ఆమె తీర్పు. భూగర్భపు రైలులో, వీథులలో, ఎచ్చట చూచినను మెట్ల ప్రక్కన లిఫ్టుండుట మాత్రము ఆమె నిజముగా మెచ్చుకొన్నది. ఒక నగరపు నాగరకతను కొలుచుటకు మోకాలినొప్పిని మించిన కొలబద్ద లేదు.

మూడవనాడు సెంటోసా దీవిలో బాకీ తీరినది. సముద్రమనిన ఉరుములవలె అలలు విరుగునని ఆమె విన్నది. అచ్చట అలలు ఇంటి ముంగిట కల్లాపి చల్లినంత మెత్తగా వచ్చి పోవుచున్నవి. దూరమున లంగరు దించిన ఓడలు చెరువులోని గేదెలవలె కదలక నిలిచియున్నవి. ఆమె చీర కొంచెమెత్తి పట్టుకొని చీలమండల లోతునకు దిగి, దోసెడు నీరు నోట పోసికొని ఉమిసినది.

"ఎట్లుంది?" అని అయ్యవారడిగిరి.

"మన మూడో బోరు పడుంటే ఇట్లే ఉండేదేమో" అన్నది.

ముప్పదియైదేండ్ల బాకీకి దొరకిన రసీదు అది. ఆయన కొంతసేపు మాటలాడలేదు. ఆమెయే పిలిచి, చేయి పట్టుకొని, ఆయననుకూడ నీటిలోనికి దింపినది.

నాలుగవనాటి సాయంకాలము మెరీనా బ్యారేజి చూచుటకు పోయిరి. యాత్రికులలో పలువురకు అది రుచింపదు. ఆనకట్టను చూచుటకు సముద్రము దాటవలెనా యని తోడివారు అంగళ్ల వైపు మరలిరి. దానిని తప్పక చూడవలెనని పట్టుబట్టినది అయ్యవారు. సముద్రపుపాయకు అడ్డముగా 350 మీటర్ల కట్ట. అందు తొమ్మిది ఉక్కు తలుపులు. వెలుపల ఉప్పు సముద్రము, లోపల మంచినీటి జలాశయము. 2008లో ఇది తెరచిరి; వానలు ఉప్పును కడుగగా కడుగగా రెండేండ్లకు, 2010 నాటికి, లోపలి నీరు తీపెక్కినది. పెనువాన కురిసినపుడు, సముద్రము ఆటులో నున్నచో తలుపులు దించి అధికజలమును వెలికి వదలుదురు. పోటు వేళ తలుపు దించిన సముద్రమే లోనికి వచ్చును. అప్పుడు ఏడు పెద్ద పంపులు నీటిని ఎత్తి అవతల పోయును. నగరము ముంపు తప్పించుకొనును, త్రాగునీరును దక్కించుకొనును.

ఆ కట్ట వెనుక ఒక భయమున్నది. సింగపూరునకు పెద్దనది లేదు, సరస్సు లేదు. 1942లో జపాను సేన మీదికి వచ్చునపుడు ఆంగ్లేయులు జొహోరు వారధిని పేల్చగా, దాని మీదుగా వచ్చు నీటి గొట్టము తెగినది. ఫిబ్రవరి 15న నగరము లొంగిపోవుటకు గల కారణములలో నీటికొరత యొకటి. 1963లో అనావృష్టి వచ్చి నీటికి రేషను పెట్టిరి. 1962 నాటి ఒడంబడిక ప్రకారము జొహోరు నదినుండి దినమునకు 25 కోట్ల గ్యాలనుల వరకు నీరు తెచ్చుకొనవచ్చును గాని, ఆ గడువు 2061తో తీరిపోవును. పొరుగువాని దయపై ఎన్నాళ్లని వాన నీటిని పట్టుట మొదలిడిరి. ఇప్పుడు జలాశయములు పదునేడు; దీవి నేలలో మూడింట రెండు పాళ్ల పైబడిన వాన కాలువల వెంట వానిలోనికే చేరును. అదియు చాలక, వాడిన నీటిని శుద్ధిచేసి తిరిగి వాడుట 2003 నుండి నడచుచున్నది. హెచ్చుపాలు యంత్రశాలలకే, కొంత జలాశయములలోను కలియును. ఈ చివరి సంగతి అయ్యవారు ఇల్లాలితో ఆనాడు చెప్పలేదు. నీళ్లు త్రాగి కులమడిగినట్లుండునని కాబోలు, విమానమెక్కిన తరువాత చెప్పిరి.

బ్యారేజి కప్పు మీద పచ్చికబయలు కలదు. పిల్లలు గాలిపటము లెగురవేయుచుండిరి. దంపతులు అచ్చట కూర్చుండి చీకటి పడువరకు లేవలేదు. ఆమె ఇటు చూచి, అటు చూచి, "ఇటు ఉప్పు, అటు తీపి. నడిమధ్య ఇంతే గోడ" అన్నది. అయ్యవారు జేబులోని కాగితమున ఏదియో లెక్క వేయుచుండిరి.

ఆ లెక్క ఇది. వారి ఊరి ప్రక్కన కంభము చెరువున్నది. రెండు కొండల నడుమ గుండ్లకమ్మకు అడ్డముగా కట్టిన ఆ కట్టను పదునారవ శతాబ్దిలో కృష్ణదేవరాయల దేవేరి వరదరాజమ్మ వేయించెనని ప్రతీతి. 2020లో దానికి ప్రపంచ వారసత్వ నీటిపారుదల కట్టడముగా గుర్తింపు వచ్చినది. ఆ చెరువునకు నీరు దిగివచ్చు పరీవాహక ప్రదేశము 430 చదరపు మైళ్లు, అనగా సుమారు 1,100 చదరపు కిలోమీటర్లు. సింగపూరు దేశమంతయు కలిపి 740 చదరపు కిలోమీటర్లకు లోపు. ఒక దేశము కంటె పెద్దదైన నేల మీది వానను పట్టుటకు ఏనాడో కట్ట వేసిన సీమనుండి వచ్చి, పచ్చిక మీద కూర్చుండి, ఆయన ఆ అంకెలను రెండు మారులు సరిచూచిరి.

న్యాయముగా చెప్పవలెనన్న, రెండు చోట్లను ఒకే త్రాసున తూచుట కుదరదు. సింగపూరున ఏటికి సుమారు 2,400 మిల్లీమీటర్ల వాన, ఏడాది పొడుగున కురియును. ప్రకాశము జిల్లాకు సగటున 900 కూడ లేదు. పడమట అంతకంటె తక్కువ, అదియు కొన్ని నెలలలోనే. అచ్చట కాలువలో చెత్త పడనీయరు. 1977 నుండి పదేండ్లు శ్రమించి నదిని కడిగిన తరువాతనే బ్యారేజి కట్టిరి. ఇచ్చట చెరువులో పూడిక పేరుకొనును. శ్రీశైలము నీటిని నల్లమల క్రిందుగా తెచ్చు వెలిగొండకు 1996లో శంకుస్థాపన జరుగగా, రెండవ సొరంగపు తవ్వకము 2024లో ముగిసినది. అయ్యవారి పెద్దకొడుకు బడిలో అక్షరములు దిద్దిన యేడు ఆ రాయి వేసిరి.

"రాణమ్మ కట్టింది మనకు ఉంది కదా! మరి మనం బోర్లెందుకు వేస్తిమి?" అని ఇల్లాలడిగినది. వేలమంది పిల్లల ప్రశ్నలకు సమాధానము చెప్పిన ఆయన కాగితము మడచి జేబులో పెట్టుకొనిరి.

మరునాటి రాత్రికి ఇల్లు చేరిరి. తెల్లవారి ఇరుగుపొరుగు వచ్చి బంగారమెంత తెచ్చితిరని అడిగిరి. తెచ్చినది చాక్లెట్లు, ఒక చిన్న సింహపు బొమ్మ. అంతలో వీథి మొగలో నీళ్ల ట్యాంకరు హారను వినబడినది. ఆమె రెండు బిందెలు తీసికొని, ఒక్కొక్క మెట్టే దిగి వరుసలో నిలిచినది. తన వంతు వచ్చులోపల తొమ్మిది తలుపుల సంగతి ఆడవారికి చెప్పుచుండగా, వెనుకనున్నామె ఆపి, "సముద్రం నీళ్లు లోపలికి రాకుండా తలుపులా? ఎవరు తీస్తారక్కా వాటిని, తాళం ఎవరి దగ్గరుంటుంది?" అని అడిగినది.